మందసం లోపలి వెలుగు

కృష్ణానగర్, హైదరాబాదు
10-6-1990

అక్కయ్య జగదాంబకు తమ్ముడు బసవపున్నయ్య నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. సత్యలక్ష్మి మోకాలి నొప్పి ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉంది. నువ్వు చెప్పిన ఆముదం పట్టు వేస్తోంది గానీ అది మోకాలికన్నా దుప్పటికే ఎక్కువ పడుతోంది. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడల్లా మా ఇంటి ఓనరు ఎల్లమ్మ అందరికన్నా ముందు తన బిందెలు నింపుకుని, ఆ తర్వాత వరస తప్పినవాళ్లకు న్యాయం చెబుతోంది.

అసలు సంగతికి వస్తాను. మద్రాసులో నేను చేసిన అమ్మవారి మందసం నీకు గుర్తుందా అని అడగడమే తప్పు. ఆ సినిమా తీసిన కాశీవిశ్వనాథంగారు నిన్న నన్ను ఫిల్మ్ నగర్ ఆఫీసుకు పిలిపించారు. జూబ్లీహిల్స్‌లో కొత్త ఇల్లు కట్టారు, శ్రావణంలో గృహప్రవేశం. ఆ మందసాన్ని అచ్చంగా అలాగే మళ్లీ చేసివ్వాలట. పాతది మద్రాసు గోడౌనులో చెదలపాలైంది. "ఒక్కటే తేడా పున్నయ్యా. ఈసారి లోపల లైటింగు కావాలి. తలుపు తీయగానే వెలుగు దానంతటదే రావాలి, సినిమాలో వచ్చినట్టు" అన్నారు.

మందసం లోపల ఏముందిరా అని ఇన్నేళ్లుగా అడుగుతున్నావు. ఇప్పుడు చెబుతాను, కోప్పడకు. ఏమీ లేదక్కా. రంగు కూడా వెయ్యని కొయ్య, అద్దం ముక్క ఒకటి. కెమెరా పక్కనుంచి పెద్ద లైటు ఆ అద్దం మీద కొట్టేవాళ్లం. మీరంతా హాల్లో దణ్ణం పెట్టుకున్నది దానికే. ఈసారి మాత్రం వెలుగు నిజంగా లోపలే ఉంటుంది. అంత పెద్ద పూజగదిలో, ఇంటివాళ్లు రోజూ తలుపు తీసి చూసుకునేలా నా చేత్తో చేసింది ఒకటి ఉండబోతోంది. సినిమా వాళ్ల కోసం చేసినవన్నీ ప్యాకప్ చెప్పగానే పగలగొట్టేవేగా. ఇదొక్కటి నిలుస్తుంది.

ఉత్తరం వెంటనే రాయి.

నీ తమ్ముడు
పున్నయ్య


రేపల్లె
21-6-1990

చిరంజీవి పున్నయ్యకు, మరదలు సత్యలక్ష్మికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఆడబోయిన తీర్థం ఎదురైనట్టయింది. ఏడాదిగా నీకు సరైన పని లేదని నేను ఇక్కడ మొక్కని దేవుడు లేడు. లోపల ఏమీ లేదని ఇప్పుడా చెప్పడం? అద్దం ముక్కకు దణ్ణం పెట్టించావన్నమాట మాచేత. పోనీలే, దణ్ణం వృథా పోదు.

ఆ రోజు హాల్లో నేనూ మీ బావగారూ బెంచీ మీద కూర్చున్నాం. తెర మీద రాణి ఏడుస్తుంటే మందసం తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు, చిల్లర విసిరారు. మీ బావగారు నన్ను మోచేత్తో పొడిచి "మీవాడు చేసిందే" అన్నారు, హాలు మొత్తానికి వినపడేలా. ఆయన పోయి నాలుగేళ్లయినా ఆ మోచేతి పోటు ఇంకా ఇక్కడే ఉన్నట్టుంటుంది.

పక్కింటి శకుంతలమ్మకు చెప్పాను. గుళ్లో పంతులుగారికి చెప్పాను. కూరలమ్మే మనిషికి కూడా చెప్పాను, తప్పా?

మన త్రినాథరావు పని మీద హైదరాబాదు వస్తుంటే అతని చేతికి ఒక మూట ఇచ్చి పంపుతున్నాను. అందులో నేను చేసిన దూది వత్తులున్నాయి. కరెంటు లైట్లున్నా అమ్మవారికి ఒక నూనె దీపం ఉండాలని చెప్పు. రెండోది నా పెళ్లి పట్టుచీర. ఇక నేను కట్టేది లేదు, పెట్టెలో చిమ్మెటలు తినడం తప్ప. జరీ ఇంకా మాయలేదు. మందసంలో అమ్మవారి కింద పరిచేలా చూడు.

గృహప్రవేశం ఏ రోజో రాయి. వస్తాను. ఒక పక్కన నిలబడి, నువ్వు ఆ తలుపు తీస్తుంటే చూసి వెళ్లిపోతాను. అంతకు మించి ఏమీ వద్దు.

అక్క
జగదాంబ


కృష్ణానగర్
6-7-1990
(రాసి, పోస్టు చెయ్యనిది)

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న లోపలి అరల కొలతలు తీసుకోవడానికి జూబ్లీహిల్స్ ఇంటికి వెళ్లాను. పూజగది ఎటండీ అని అడిగితే కాశీవిశ్వనాథంగారు నవ్వారు. "పూజగదిలో పాలరాతి మంటపం పెట్టించాం. నీది హాల్లోకి" అని, గోడ వారగా చోటు చూపించారు. తర్వాత మేజా మీద నాలుగు సీసాలు తెచ్చి వరసగా పెట్టారు. పొట్టివి, పొడుగువి. "ఈ ఎత్తుకు అరలు రావాలి. వెలుగు సీసాల వెనకనుంచి రావాలి. అప్పుడు సరుకు బంగారంలా మెరుస్తుంది" అన్నారు.

బ్రాందీ సీసాలక్కా. నీ అమ్మవారి మందసం మందు బీరువా అవుతోంది.

నేనేమన్నానో తెలుసా? "అలాగేనండీ" అన్నాను. టేపు తీసి సీసాల ఎత్తు కొలిచాను. కాదని చెప్పి లేచి రావచ్చు. కానీ అడ్వాన్సుతో అప్పటికే టేకు కొన్నాను, ఏడాదిగా ఇంట్లో కూర్చున్నాను. పైగా మనసులో ఇంకో మాట ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ మందసాన్ని మళ్లీ చెయ్యాలని నాకు ఆశగా ఉంది. లోపల ఏది పెట్టినా సరే అనిపించేంత ఆశ.

ఇంటికొచ్చేసరికి త్రినాథరావు కూర్చుని ఉన్నాడు. నీ మూట ఇచ్చాడు. సత్యలక్ష్మి మూట విప్పి చీర కళ్లకద్దుకుంది. ఆమెకూ ఇంకా చెప్పలేదు.


కృష్ణానగర్
8-7-1990

అక్కయ్యకు నమస్కారాలు.

మూట అందింది. చీర చాలా బాగుంది. వత్తులూ అందాయి. పని సాగుతోంది. లైటింగు మేమనుకున్నంత సులువు కాదు. మామూలు బల్బు పెడితే వేడికి ముందున్న పాలరంగు ప్లాస్టిక్ షీటు వంగిపోయింది. నాతో పనిచేసే ఎలక్ట్రీషియను పోచయ్య చిన్న చిన్న బల్బులు తెచ్చి షీటు వెనక దూరదూరంగా కడుతున్నాడు. వేడి పోవడానికి వెనక పలకకు బెజ్జాలు వేశాం. బల్బు కనపడకూడదు, వెలుగు మాత్రమే కనపడాలి. తలుపు తీయగానే వెలగడానికి ఎర్రగడ్డ సంతలో పాత ఫ్రిజ్ నుంచి ఊడదీసిన బొత్తాం ఒకటి దొరికింది.

వర్షాలు పడుతున్నాయి. ఎల్లమ్మ కప్పు బాగుచేయిస్తానని ఈ ఏడూ అంటోంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

పున్నయ్య


రేపల్లె
20-7-1990

చిరంజీవి పున్నయ్యకు దీవెనలు.

ఉత్తరం నిండా బల్బులూ బెజ్జాలే. గృహప్రవేశం ఎప్పుడో రాయలేదు. ఫ్రిజ్ బొత్తాంతో అమ్మవారికి వెలుగిస్తున్నావని పంతులుగారితో చెబితే ఆయన, "ఏ బొత్తామైతేనేం, భక్తి ఉండాలి" అన్నారు. నీకు భక్తి ఉందని నేను హామీ ఇచ్చాను.

చీర మందసంలో సరిపోయిందా? అంచు బయటికి కనపడేలా మడతపెట్టు. పంపిన రోజు రాత్రి కొంచెం బెంగపడ్డాను, అబద్ధమెందుకు. తర్వాత, దేవుడి దగ్గరికేగా అనుకుని పడుకున్నాను.

తేదీ రాస్తే త్రినాథరావు టిక్కెట్టు తీయిస్తానన్నాడు. శకుంతలమ్మ పెద్దపిల్ల పెళ్లి కూడా శ్రావణంలోనే. దానికీ దీనికీ ఒకే రోజు పడకుండా చూసుకోవాలి.

అక్క


కృష్ణానగర్
27-7-1990

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. గృహప్రవేశం ఆగస్టు మధ్యలో ఉంటుందట, ఇంకా రూఢి కాలేదు. అక్కా, నువ్వు ఈసారికి రావద్దు. పెద్దింటివాళ్ల వ్యవహారం. పట్టింపులున్న మనుషులు. పిలిచినవాళ్లను తప్ప రానివ్వరు. ఆ రోజు నువ్వు అక్కడికి రావడం బాగుండదు. నా మాట విను. తర్వాత ఎప్పుడైనా నేనే నిన్ను తీసుకొచ్చి చూపిస్తాను.

సత్యలక్ష్మి అడిగినట్టు చెప్పమంది.

పున్నయ్య


రేపల్లె
6-8-1990

చిరంజీవి బసవపున్నయ్యకు,

ఉత్తరం అందింది. అర్థమైంది. నాకు తెలియని సంగతి కాదు.

శుభకార్యాల్లో నాలాంటిదాన్ని ఎక్కడ నిలబెట్టాలో అందరికీ తెలుసు. నాకు అందరికన్నా ముందే తెలుసు. అందుకే ఒక పక్కన నిలబడతానని మొదటే రాశాను. బయలుదేరేటప్పుడు నీకు ఎదురు వచ్చేదాన్ని కాదు. ఆ ఇంటావిడగారికి నా మొహం కనపడకుండా వెనక వరండాలో ఉండేదాన్ని. అయినా వాళ్ల ఇల్లు, వాళ్ల పట్టింపు. వాళ్లను తప్పుపట్టను. నీ చేత రాయించారే, అదొక్కటే గుచ్చుకుంది. పరాయివాళ్లు అంటే దులిపేసుకుంటాం.

శకుంతలమ్మ పిల్ల పెళ్లికి వెళ్లడం మానుకున్నాను. ఆవిడ గడపలోకి వచ్చి పిలిచింది, "మీరు ముందుండి నడిపించాలి వదినగారూ" అంది. ఒంట్లో బాగోలేదన్నాను. సొంత తమ్ముడే బాగుండదన్నాక, వాళ్ల మొహమాటాన్ని పట్టుకుని వెళ్లి కూర్చోవడం నాకు మర్యాద కాదు.

ఒక్క మాట. చీర గురించి వాళ్లకు అనుమానమేదైనా వస్తే చెప్పు. అది నేను ముత్తైదువగా ఉండగా కట్టుకున్నది. మీ బావగారు పోయాక ఒంటిమీద వేసుకోలేదు. దానికి ఏ దోషమూ లేదు.

జగదాంబ


కృష్ణానగర్
25-8-1990

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక కూడా ఇన్నాళ్లు ఊరుకున్నాను. తేలుకుట్టిన దొంగలా తిరిగాను. జూలైలో రాసి పోస్టు చెయ్యని ఉత్తరం ఒకటి ఇందులో పెడుతున్నాను. ముందు అది చదువు.

చదివావా? నిన్ను రావద్దన్నది అందుకు. ఆ ఇంట్లో నీ గురించి ఎవరూ ఏమీ అనలేదు. నువ్వున్నావని కూడా వాళ్లకు తెలియదు. పట్టింపులని రాశానే, అవి నేను కల్పించినవి. ఏదో ఒక సాకు కావాలి, చేతికి దొరికిన మాట రాశాను. అది నీకు ఎక్కడ తగులుతుందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించనందుకు సిగ్గుపడాలో, ఆలోచించి ఉంటే వేరే అబద్ధం రాసేవాణ్ణి కదా అని సిగ్గుపడాలో తెలియడం లేదు.

చీర సంగతి ఇంతకన్నా అన్యాయం. దాన్ని సీసాల దగ్గరికి పోనివ్వకూడదని పెట్టె అడుగున పెట్టాను. ఒకరోజు వెలుగు రంగు కుదరక, జరీ మీద పడితే తెలుస్తుందని మేం పనిచేసే షెడ్డుకు తీసుకెళ్లి లోపల పరిచి తలుపు తీశాను. అక్కా, నీ చీర నిజంగా పెళ్లినాటిలా వెలిగింది. నేనూ పోచయ్యా చూస్తూ ఉండిపోయాం. అప్పుడే కాశీవిశ్వనాథంగారి భార్య శారదాదేవిగారు పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చారు. "అబ్బ, ఈ పట్టు ఎంత బాగుంది. ఇలాగే ఉంచండి, తీయకండి" అన్నారు. మా అక్క పెళ్లిచీరండీ అనాలి. నోరు తెరిచాను. "అలాగేనండీ" అనే వచ్చింది.

ఆవిడ వెళ్లాక, చీర ఎవరిదో చెబితే పోచయ్య, "మీ అక్క చీరనా గది? చెప్పనీకి నోరు లేదా నీకు? గిట్ల నవ్వుకుంట ఇచ్చేస్తవా?" అన్నాడు. నేను నవ్వానట. నాకు తెలియలేదు.

గృహప్రవేశం రోజు నేను వంటవాళ్ల వైపు గుమ్మం దగ్గర నిలబడ్డాను. కాశీవిశ్వనాథంగారు స్నేహితులందరినీ పిలిచి మందసం తలుపు తీశారు. వెలుగు దానంతటదే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. సీసాలు నిజంగానే బంగారంలా మెరిశాయి, కింద నీ చీర అంచు కనపడుతోంది. నువ్వు చెప్పినట్టే బయటికి కనపడేలా ఉంది. ఒకాయన గ్లాసు నింపుతూ కాస్త ఒలకబోశాడు. చీర పీల్చుకుంది. ఆ చప్పట్లలో కొన్ని నాకేనని నాకు సంతోషం కలిగిందక్కా. ఇది కూడా రాయాలి. ఒలికేదాకా సంతోషంగానే ఉన్నాను.

నిన్న ఆ ఇంటికి వెళ్లి చీర అడిగాను. ఎవరిదో చెప్పాను. శారదాదేవిగారి మొహం మాడిపోయింది. "ముందే చెప్పొచ్చు కదండీ. మేమేమైనా రాక్షసులమా" అని, సీసాలన్నీ తనే స్వయంగా దింపి, చీర తీసి ఇచ్చారు. సీసా అడుగు అంత గుండ్రటి మరక పడింది. ఉతకాలంటే భయంగా ఉంది. పెట్టెలో పెట్టాను.

చీర అడగడానికి వెళ్లకముందే సత్యలక్ష్మికి అంతా చెప్పాను. మూడు రోజులుగా నాకు అన్నం పెడుతోంది గానీ మాట్లాడటం లేదు. శకుంతలమ్మగారి పిల్ల పెళ్లి అయిపోయే ఉంటుంది. దాన్ని నేను వెనక్కి తేలేను.

పున్నయ్య


రేపల్లె
4-9-1990

ఒరేయ్ పున్నయ్యా,

రెండు ఉత్తరాలూ చదివాను. మొదటిది చదివి నవ్వాను. రెండోది చదివి తలుపు వేసుకుని ఏడ్చాను. ఇప్పుడు తిడతాను, విను.

బ్రాందీ సీసాలు చూస్తే నేను చచ్చిపోతాననుకున్నావా? మీ బావగారు తాగేవారు. నీకు తెలియదు, ఎవరికీ తెలియదు. సీసా తవుడు బస్తాలో దాచుకునేవారు. గేదెకు తవుడు తీయడానికి వెళ్లేటప్పుడు నేను దగ్గుకుంటూ వెళ్లేదాన్ని, ఆయన సర్దుకోవడానికి వీలుగా. పాతికేళ్లు కాపురం చేశాను, ఒకరినొకరు సిగ్గుపరచుకోకుండా గడిపాం. అలాంటిదాన్ని నేను సీసాలకు భయపడతానా? ఒక్క ముక్క నిజం రాసి ఉంటే, "పోనీరా, కూలి పని, చెయ్యి" అని రాసేదాన్ని. చీర మాత్రం వెనక్కి పంపమనేదాన్ని.

సీసాలు నాకు కనపడకూడదని, నేను ఎవరికీ కనపడకూడదన్నావు. అదిరా నువ్వు చేసింది. ఇంతకన్నా నాకు సిగ్గేమిటంటే, నేను వెంటనే నమ్మాను. వాడు అలాంటివాడు కాదని ఒక్కసారి కూడా అనుకోలేదు. పెళ్లి పందిరి మా గోడ పక్కనే వేశారు. సన్నాయి వినపడుతుంటే లోపల కూర్చుని పప్పు ఏరాను. ఆ పిల్ల అత్తవారింటికి పోతూ మా గుమ్మం ముందు ఆగి "అత్తయ్యా" అని పిలిచింది. నేను బయటికి రాలేదు. ఎదురు రాకూడదని. ఆ పిల్లను ఎత్తుకుని పెంచినదాన్ని.

నీ తప్పు దిద్దుకోవాలని ఉంటే ఒక్కటే దారి ఉంది. దసరాకు వస్తున్నాను. షెడ్డులో మీ పనిముట్లకు ఆయుధపూజ చేస్తారుగా. నా వత్తులు నీ దగ్గరే ఉన్నాయి. దీపం నేను వెలిగిస్తాను. ఊరికే రానిస్తే కుదరదు. నలుగురి ముందూ నీ నోటితో నువ్వు పిలవాలి, "అక్కా, వచ్చి వెలిగించు" అని. అలాగేనండీ అనడం తప్ప ఇంకో మాట నీకు వచ్చో రాదో చూస్తాను.

చీర ఉతకకు. మరక పోవడానికి ఏం చెయ్యాలో నాకు తెలుసు. మీ బావగారి చొక్కాలు ఉతికినదాన్ని.

అక్క


కృష్ణానగర్
4-10-1990

అక్కకు పున్నయ్య నమస్కారాలు.

నువ్వు బస్సెక్కి ఇంటికి క్షేమంగా చేరావని త్రినాథరావు కార్డు రాశాడు. సత్యలక్ష్మి నువ్వు కట్టిన పట్టే వేసుకుంటోంది. ఇప్పుడు దుప్పటికి అంటడం లేదు. నీతో నీళ్ల దగ్గర ఎల్లమ్మ ఓడిపోయిన సంగతి వీధంతా చెప్పుకుంటున్నారు.

అందరూ నీ గురించి బాగా మాట్లాడుతున్నారు. నువ్వు కూడా వెళ్లేటప్పుడు సంతోషంగానే వెళ్లావు, నా తల మీద చెయ్యి పెట్టావు. కానీ ఒక సంగతి మిగిలిపోయింది. నువ్వు అనలేదు. నేనూ అనలేదు.

పూజ రోజు షెడ్డులో మా వడ్రంగులు, పెయింటర్లు, వాళ్ల ఆడవాళ్లు, పూజ చూడటానికి వచ్చిన మా ఎల్లమ్మ, అందరూ ఉన్నారు. రంపాలకూ ఉలులకూ బొట్లు పెట్టారు, పోచయ్య తన టెస్టరుకు కూడా పెట్టాడు. కుందిలో నీ వత్తి వేసి నూనె పోశారు. ముత్తైదువ కదా అని ఎవరో అలవాటుకొద్దీ అగ్గిపెట్టె తీసి ఎల్లమ్మ చేతిలో పెట్టారు. ఆమె ముందుకు కదిలింది. నువ్వు వెనక, ప్లైవుడ్ షీట్ల దగ్గర నిలబడి నా వైపు చూస్తున్నావు.

నేను వెంటనే పిలవలేదక్కా. ముందు చుట్టూ చూశాను. పెద్ద మేస్త్రీ ఏమనుకుంటాడో అని అతని మొహం చూశాను. మళ్లీ పనికి పిలుస్తారో లేదో అని, ఆ పూట వచ్చిన ప్రొడక్షను మేనేజరు మొహం చూశాను. ఆ తర్వాత పిలిచాను. "ఆగమ్మా ఎల్లమ్మా. అక్కా, వచ్చి వెలిగించు" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. ఎల్లమ్మ, "గదేందయ్యా, పెద్దామె ఉన్నదని ముందుగాల్ల చెప్పొద్దా" అంటూ అగ్గిపెట్టె నీకిచ్చి పక్కకు జరిగింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను భయపడ్డ మొహాల్లో ఏమీ లేదు. పెద్ద మేస్త్రీ దీపానికి దణ్ణం పెట్టి నీ కాళ్లకు కూడా పెట్టాడు.

కానీ నేను వాళ్ల మొహాలు చూశాను. ఆ చూడటం నువ్వు చూశావు. నువ్వు గీసిన మొదటి అగ్గిపుల్ల విరగడానికి కారణం ముసలితనమని సత్యలక్ష్మి అంది. నేను అవునన్నాను.

నువ్వు అడగలేదు గనక దీన్ని ఇలాగే వదిలేయొచ్చు. అందరూ మెచ్చుకుంటున్నారు గనక నేనూ మంచివాణ్ణనుకుని ఉండిపోవచ్చు. అలా రెండు రోజులు ఉన్నాను కూడా. పొద్దున పెట్టె తీస్తే, నువ్వు చీర తీసుకెళ్లిన చోట వట్టి న్యూస్‌పేపరు కనపడింది. కూర్చుని ఇది రాశాను.

చదివి తిట్టు. తిట్టకపోయినా రాయి. దీన్ని పెట్టెలో దాచను. చొక్కా వేసుకున్నాను, వెళ్లి పోస్టు డబ్బాలో వేసి వస్తాను.

నీ తమ్ముడు
బసవపున్నయ్య